స్పానిష్ షెల్ఫ్ ఒకటి పెట్టేస్తే సరిపోతుందా?

(డాలస్ ప్రాంతంలోని ఒక తెలుగు రేడియో స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: సబర్బ్ పబ్లిక్ లైబ్రరీలో పనిచేస్తున్న తెలుగు లైబ్రేరియన్, పక్క ఊరి లైబ్రరీ సలహా బోర్డులో సభ్యుడైన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, గుంటూరులో గ్రంథాలయ శాస్త్రం బోధించి రిటైరై, ప్రస్తుతం కూతురి దగ్గర ఉంటున్న మాస్టారు.)

యాంకర్: నమస్కారం. పోయినవారం ఒక శ్రోత వాట్సాప్‌లో నిలదీశారు. "మా లైబ్రరీలో స్పానిష్‌కి రెండు వరసలు ఇచ్చారు, తెలుగుకి ఒక్క అర కూడా లేదు, దీని గురించి మాట్లాడరేం?" అని. సరే, మాట్లాడేద్దాం. మేడమ్, మీరే చెప్పండి, ఆ రెండు వరసలు ఎందుకు?

లైబ్రేరియన్: టెక్సాస్‌లో ప్రతి పదిమందిలో నలుగురు లాటినోలండీ, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తమ్మీద 6.2 కోట్ల మంది. వాళ్లూ పన్ను కడుతున్నారు, అద్దె ఇంట్లో ఉన్నా ఆ అద్దెలోనే ఆస్తిపన్ను కలిసి ఉంటుంది. కాబట్టి రెండు వరసలు ఎక్కువేం కాదు. నా బాధ వేరే. ఆ వరసల దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువ.

బోర్డు సభ్యుడు: నేనూ అదే అంటున్నానండీ. ఏ పుస్తకాలు ఎంతమంది తీసుకెళ్లారో చెప్పే సర్క్యులేషన్ రిపోర్టు నెలనెలా చూస్తాం. స్పానిష్‌లో పిల్లల బొమ్మల పుస్తకాలు బాగానే వెళ్తాయి. పెద్దల పుస్తకాలు కదలవు. కదలని వాటికి మళ్లీ మళ్లీ డబ్బు పెట్టమంటే సిటీ కౌన్సిల్ ఒప్పుకోదు.

లైబ్రేరియన్: రిపోర్టు తప్పని నేను అనను. కానీ అది కార్డు ఉన్నవాళ్ల లెక్క. కార్డు లేనివాళ్లు అందులో కనపడరు కదా. ఒక సంగతి చెబుతాను. ఒకావిడ ఇద్దరు పిల్లలతో వచ్చింది. పెద్దపిల్లకి తొమ్మిదేళ్లుంటాయేమో, వాళ్లమ్మకి ఆ పిల్లే దుభాషి. ఫారం ఇచ్చాం. మొదట ఫొటో ఐడీ. మెక్సికన్ కాన్సులేట్ ఇచ్చిన కార్డు ఉంది, అది తీసుకుంటాం, ఫరవాలేదు. తర్వాత చిరునామా రుజువు. అపార్ట్‌మెంట్ లీజు బావగారి పేరున, కరెంటు బిల్లు కూడా ఆయన పేరునే. ఇక చివర్లో డ్రైవర్ లైసెన్స్ నంబరు అని ఒక గడి. అది తప్పనిసరి కాదు, కానీ కాదని ఎక్కడా రాసి లేదు. పిల్ల ఆ గడి చదివి వాళ్లమ్మ మొహంలోకి చూసింది. ఆవిడ నవ్వి, "తర్వాత వస్తాం" అని చెప్పించి వెళ్లిపోయింది. ఆ పూట కౌంటర్లో స్పానిష్ వచ్చినవాళ్లు ఎవరూ లేరు.

యాంకర్: మళ్లీ వచ్చారా?

లైబ్రేరియన్: నేను చూడలేదు.

మాస్టారు: నాకు కార్డు ఎట్లా వచ్చిందో చెప్పమంటారా? రాలేదు. (నవ్వులు) పాస్‌పోర్ట్ ఉంది, విజిటర్ వీసా ఉంది, నా పేరున బిల్లు ఏది? అమ్మాయి కార్డు మీదే చదువుకుంటున్నా. ముప్ఫై ఏళ్లు గ్రంథాలయ శాస్త్రం పాఠం చెప్పినవాడిని!

యాంకర్: అంటే మన తల్లిదండ్రులకీ ఇదే ఇబ్బంది.

లైబ్రేరియన్: ఇదే. న్యూయార్క్ నగరం 2015లో సొంతంగా ఒక నగర గుర్తింపు కార్డు తెచ్చింది. వీసా స్థితి అడగరు, అదే లైబ్రరీ కార్డుగానూ పనిచేస్తుంది. మనకి అంత పెద్ద పథకం అక్కర్లేదు. ఇంటికి వచ్చిన ఏదో ఒక ఉత్తరం చూపించినా చాలు, లేదంటే స్కూల్ నుంచి పిల్లల కాగితం. అదీ లేకపోతే రెండు పుస్తకాల వరకు ఇచ్చే తాత్కాలిక కార్డు. దీనికి బడ్జెట్ ఏమీ పెట్టక్కర్లేదు, ఫారం మార్చడమే.

బోర్డు సభ్యుడు: పుస్తకాలు తిరిగి రాకపోతే?

లైబ్రేరియన్: రాకపోవచ్చు, కొన్ని. శాన్ ఫ్రాన్సిస్కో, షికాగో 2019లో, న్యూయార్క్ 2021లో ఆలస్య రుసుము పూర్తిగా ఎత్తేశాయి. ఎత్తేశాక షికాగోలో ఎప్పటెప్పటివో పుస్తకాలు వెనక్కి వచ్చాయి. ఫైన్ భయంతోనే జనం ఇంట్లో అట్టిపెట్టుకున్నారన్నమాట. పది డాలర్ల బాకీ ఉంటే మీరూ నేనూ కట్టేసి మర్చిపోతాం. గంటల లెక్కన జీతం వచ్చే ఇంట్లో ఆ పదితో పిల్లల కార్డు అటకెక్కుతుంది.

యాంకర్: అయితే భయం ఫైన్ ఒక్కదాని గురించే కాదేమో. ఇప్పుడున్న వాతావరణంలో పేరు, చిరునామా రాసివ్వడమంటేనే...

లైబ్రేరియన్: అవునండీ. టెక్సాస్ చట్టంలో లైబ్రరీ వాడేవాళ్ల వివరాలకి గోప్యత ఉంది. పోలీసులు అడిగినా కోర్టు ఉత్తర్వో సమనో కావాలి. ఈ విషయం మా వెబ్‌సైట్‌లో ఉంది, ఇంగ్లిష్‌లో, అదీ మూడు క్లిక్‌ల లోపల. దాన్ని స్పానిష్‌లో ఒక్క పేజీ రాసి కౌంటర్ మీద పెడితే చాలని రెండేళ్లుగా అడుగుతున్నా. ఎక్కడెక్కడో సంతకాల దగ్గర ఆగింది.

బోర్డు సభ్యుడు: అది మా దగ్గరికి పంపించండి మేడమ్, మా ఊళ్లోనైనా పెట్టిస్తాను.

యాంకర్: సరే, పుస్తకాల సంగతికొద్దాం. పెద్దల పుస్తకాలు ఎందుకు కదలవు?

లైబ్రేరియన్: ఏం కొంటున్నామో చూస్తే తెలుస్తుంది. ఇంగ్లిష్ బెస్ట్‌సెల్లర్ల స్పానిష్ అనువాదాలు. డైట్ పుస్తకాలు. సప్లయర్ ఒక ప్యాకేజీగా పంపుతాడు, మేం డబ్బా విప్పి షెల్ఫ్‌లో పెడతాం. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చినాయన తన దేశపు రచయిత కోసం వెతికితే దొరకరు. మెక్సికోలోని గ్వాదలహారాలో ఏటా నవంబర్ చివర్లో పెద్ద పుస్తక ప్రదర్శన జరుగుతుంది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ వాళ్లతో కలిసి కొందరు లైబ్రేరియన్లకి రిజిస్ట్రేషన్, కొన్ని రాత్రుల హోటల్ భరించి పంపే పథకం కూడా ఉంది. అక్కడికెళ్లి చేత్తో తిరగేసి కొన్న పుస్తకానికీ డబ్బాలో వచ్చినదానికీ చాలా తేడా. ఇంకో చిక్కు, కేటలాగింగ్, అంటే పుస్తకం వివరాలు లైబ్రరీ జాబితాలో ఎక్కించడం. స్పానిష్ చదవగలిగినవాళ్లు లేకపోతే కొత్త పుస్తకాలు వెనక గదిలో నెలలకొద్దీ బండి మీదే ఉంటాయి. బయటికి వచ్చేసరికి పాతబడతాయి, ఎవరూ తీసుకోరు, రెండేళ్లు చూసి ఏరేస్తాం. ఆ తర్వాత "స్పానిష్ పుస్తకాలు కదలవు" అని రిపోర్టు రాస్తాం.

బోర్డు సభ్యుడు: ఆ రిపోర్టు నాకొస్తుంది. (నవ్వు)

మాస్టారు: అసలు దీనికి దారి వేసింది ఎవరనుకున్నారు? పూరా బెల్‌ప్రే అని ప్యూర్టో రికో నుంచి వచ్చినావిడ. 1921లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ హార్లెంలో ఆవిడకి ఉద్యోగమిచ్చింది. అక్కడ ఆ ద్వీపం నుంచి వచ్చి పనిచేసిన మొదటి లైబ్రేరియన్ ఆవిడే. తర్వాత 115వ వీధి బ్రాంచిలో స్పానిష్‌లో కథలు చెప్పింది, తోలుబొమ్మల్లాగా బొమ్మలు ఆడించింది. క్రిస్మస్ తర్వాత వచ్చే ముగ్గురు రాజుల పండగ లైబ్రరీలోనే చేసింది. పండక్కి వచ్చిన తల్లులు పుస్తకాల కోసమూ రావడం మొదలెట్టారు. ఆవిడ పేరున 1996 నుంచి బాలసాహిత్యానికి బహుమతి ఇస్తున్నారు. నేను క్లాసులో రంగనాథన్ గారి అయిదు సూత్రాలు చెప్పినప్పుడల్లా ఈవిడ పేరు కూడా చెప్పేవాడిని, సిలబస్‌లో లేకపోయినా.

లైబ్రేరియన్: మాస్టారు చెప్పినదాంట్లో అసలు విషయం ఆవిడని ఉద్యోగంలోకి తీసుకోవడం. ఓక్లండ్‌లో 1966లో లాటిన్ అమెరికన్ లైబ్రరీ అని ప్రత్యేకంగా బ్రాంచి పెట్టారు. 1971లో ఆర్నుల్ఫో ట్రేహో అనే లైబ్రేరియన్, ఆయన తోటివాళ్లు కలిసి స్పానిష్ మాట్లాడేవాళ్లకి లైబ్రరీ సేవల కోసం రిఫార్మా అనే సంఘం పెట్టారు. అప్పట్నుంచీ వాళ్లు అడిగేవాటిలో ముఖ్యమైనది ఇదే, మా భాష మాట్లాడే లైబ్రేరియన్లని తయారుచేయండని. మా దగ్గర స్పానిష్ వచ్చిన అమ్మాయి ఒకతే ఉంది. పార్ట్‌టైమ్, సాయంత్రాలు రాదు. కూలిపనికో క్లీనింగ్‌కో వెళ్లేవాళ్లు వచ్చేదేమో సాయంత్రాలూ ఆదివారాలూ. మేం ఆదివారం మూసేస్తాం.

బోర్డు సభ్యుడు: దుభాషి యాప్ ఉంది కదండీ ఇప్పుడు?

లైబ్రేరియన్: ఉంది, వాడతాం. కానీ గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లలో కొందరి ఇంటిభాష మామ్, కిచే. మెక్సికోలో ఓహాకా వైపు నుంచి వచ్చేవాళ్లలో మిక్స్‌టెక్ మాట్లాడేవాళ్లుంటారు. వాళ్లకి స్పానిష్ కూడా స్కూల్లో నేర్చుకున్న భాషే, కొందరు ఆ స్కూలుకీ వెళ్లలేదు. పుస్తకం కంటే ముందు వాళ్లకి కావలసింది వైఫై, పిల్లల స్కూలు ఫారం నింపిపెట్టే మనిషి, ఇంగ్లిష్ క్లాసు. న్యూయార్క్‌లో క్వీన్స్ లైబ్రరీ 1977 నుంచే కొత్తగా వచ్చినవాళ్ల కోసం విడిగా ఒక కార్యక్రమం నడుపుతోంది.

యాంకర్: ఇక మన శ్రోత ప్రశ్న. తెలుగు షెల్ఫ్ ఎందుకు లేదు?

మాస్టారు: అడగలేదు కాబట్టి! 1901లో నిజాం హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారు వాళ్లు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టుకున్నారు. సర్కారు భాష ఉర్దూ, తెలుగు చదివే చోటు లేదని వాళ్లే చందాలు వేసుకున్నారు. ఇక్కడ చందాలు కూడా అక్కర్లేదు, పుస్తకం కొనమని అడిగే ఫారం ఉంటుంది. మనవాళ్లు ఎంతమంది నింపారు?

లైబ్రేరియన్: మా దగ్గర చూసినంతవరకు తెలుగు పుస్తకం కావాలని వచ్చినవి చాలా తక్కువ. శ్రోత గారితో ఒక్క మాట. వేరే భాషలో కొనడం, కేటలాగ్ చేయడం, ఆ భాషలో కథాసమయం నడపడం, ఇవన్నీ మా సిబ్బంది స్పానిష్‌తోనే నేర్చుకుంటున్నారు. అది తీసేస్తే తెలుగుకి చోటు దొరకదండీ, ఉన్న పద్ధతి కూడా పోతుంది. పైగా డబ్బు బిగుసుకుంటోంది. 2025 మార్చిలో లైబ్రరీలకి నిధులిచ్చే ఫెడరల్ సంస్థనే కుదించమని ఆదేశం వచ్చింది. ఆ టెన్షన్ అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది.

యాంకర్: టైమ్ అయిపోవచ్చింది. సార్, బోర్డులో మీరు దేనికి ఓటేస్తారు?

బోర్డు సభ్యుడు: మాది సలహా ఇచ్చే బోర్డేనండీ, తేల్చేది కౌన్సిల్. ఫారంలో ఆ లైసెన్స్ గడి తీసేయమంటాను, తాత్కాలిక కార్డుకి సరే అంటాను. ఆదివారం మధ్యాహ్నం తెరవడానికి ప్రయత్నిస్తాను. ఇంకో ఫుల్‌టైమ్ ఉద్యోగం మాత్రం ఈ ఏడాది కష్టం.

లైబ్రేరియన్: ఆదివారం తెరిచి కౌంటర్లో మళ్లీ స్పానిష్ రానివాళ్లనే కూర్చోబెడతారా?

బోర్డు సభ్యుడు: ఉన్న పార్ట్‌టైమ్ అమ్మాయిని ఆదివారానికి మారిస్తే?

లైబ్రేరియన్: మరి శనివారం కథాసమయం ఎవరు చేస్తారండీ?

యాంకర్: ఈ షిఫ్టుల గొడవ మీరిద్దరూ పార్కింగ్‌లో తేల్చుకోండి. తాత్కాలిక కార్డు వస్తే మొదటిది మాస్టారికే ఇవ్వాలని మా స్టూడియో తరఫున డిమాండ్. వచ్చేవారం ఇదే సమయానికి కలుద్దాం.