సొంత ఊళ్లో ఆడని నాటకం

పెద్దలకు, మన నాటక సమాజం సభ్యులకు, ముందు వరసలో చాపల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ఇవాళ ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం పంతులుగారి పుట్టినరోజు. తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకునేదీ ఇవాళే. పంతులుగారు 1880లో రాజమండ్రిలో విద్యార్థుల చేత నాటకం ఆడించారు. జీతంబత్తెం లేని మనలాంటి సమాజాలకు ఆ కుర్రాళ్లే పూర్వీకులని నేను అనుకుంటాను. తర్వాత చిలకమర్తివారు అక్కడి సమాజానికి నాటకాలు రాసిచ్చారు. టంగుటూరి ప్రకాశంగారు కుర్రతనంలో అక్కడే ముఖానికి రంగేసుకున్నారు. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో ఎస్వీ రంగారావుగారు వేషాలు కట్టారు.

మన వైపు నాటకాలు నడిచింది కాలువను బట్టి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక చేతికి పంటతో పాటు కోతలయ్యాక కాస్త తీరికా దొరికింది. చందా అడగాలంటే కళ్లం దగ్గరే అడగాలి, ధాన్యం ఇంటికి చేరాక ఎవరిస్తారండీ! మన హాలు అలాగే లేచింది. ఉన్నవాళ్లు బస్తాలు కొలిచారు, లేనివాళ్లు ఇసుక మోశారు. కాలువలకు నీళ్లు ఆపేశాక రిహార్సళ్లు మొదలయ్యేవి.

తిరుపతి వేంకట కవుల్లో ఒకరిది యండగండి, ఒకరిది కడియం. ఇద్దరూ మనవాళ్లే, అందుకే వాళ్లు రాసిన రాయబారం సీను మనకు ఇంటి భోజనం. రాత్రంతా ఆట కాబట్టి ఒక్క కృష్ణుడి గొంతు చాలదు. రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఇంకొకరు. మధ్యలో నిద్రపోయి లేచిన పిల్లలకు కృష్ణుడు పొట్టెందుకయ్యాడో అర్థమయ్యేది కాదు.

ఈ రేకుల మీద వేసవి వాన పడితే మాట వినపడదు. అప్పుడు కృష్ణుడు పద్యం ఆపి రాగం లాగేవాడు. హార్మోనిస్టు వదలకుండా వెంటపడేవాడు. స్టేజి పక్క తెర చాటున మాట అందించే ప్రాంప్టరు నోట్‌బుక్కులో ఆ పాదం మీద వేలు పెట్టుకుని పైకప్పు కేసి చూసేవాడు. చప్పుడు తగ్గగానే వేలున్న చోటే పద్యం అందుకునేవారు. జనం వన్స్ మోర్ అనేవారు, వాన మళ్లీ వస్తుందేమోనన్న భయం లేకుండా!

సినిమా వచ్చి నాటకాన్ని మింగేసిందని అంటారు. కొంత నిజమే. మన సంగతిలో అంతకంటే పెద్ద దెబ్బ నాటక పోటీలు పెట్టే పరిషత్తులదని నా అభిప్రాయం. పోటీలు మంచివే, నటన పదునెక్కింది, బీరువా నిండా షీల్డులున్నాయి. కానీ గంటసేపు నాటిక తయారుచేసి, సెట్టు వ్యాన్లో వేసుకుని ఎక్కడికో వెళ్లి, న్యాయనిర్ణేతల ముందు ఆడి, తెల్లారేసరికి తిరిగొస్తున్నాం. మన వీధిలో పాలబ్బాయికి మనం ఏం ఆడామో తెలీదు. ఈలోగా హాలు పెళ్లిళ్లకు అద్దెకు పోతోంది. ఆ అద్దె లేకపోతే కరెంటు బిల్లు కట్టలేమన్నదీ నిజమే, కోశాధికారిగారు నన్ను కోపంగా చూడక్కర్లేదు.

నేను అడిగేది ఒక్కటే. ఏ నాటికైనా మొదటి ప్రదర్శన ఇక్కడే జరగాలి, టిక్కెట్టు లేకుండా. దానికి నెలకో శనివారం పెళ్లివారికి ఇవ్వకుండా అట్టేపెట్టాలని ఇవాళే తీర్మానం రాద్దాం. కార్యదర్శిగారూ, మినిట్స్ పుస్తకం ఇలా ఇప్పించండి.