మన జీనోమ్ రెండుసార్లు రెట్టింపైంది, కాగితం మీద చూద్దాం రండి

నమస్తే. జీనోమ్ అంటే మన కణంలోని మొత్తం డీఎన్ఏ, జన్యువులన్నీ అందులోనే ఉంటాయి. ఈ వీడియోకి సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, ఒక తెల్ల కాగితం చాలు. నాలుగు వరుసలు, ఒక్కో వరుసకి 13 గళ్లు గీయండి. వరుసలకి ఎ, బి, సి, డి అని పేర్లు, గళ్లకి 1 నుంచి 13 దాకా అంకెలు పెట్టండి.

ఇవి మన హాక్స్ జన్యువులు. పిండంలో తల నుంచి కింది దాకా ఎక్కడ ఏ భాగం ఏర్పడాలో నిర్ణయించేవి. ఎ గుంపు 7వ క్రోమోజోమ్ మీద ఉంది, బి 17 మీద, సి 12 మీద, డి 2 మీద.

ఇప్పుడు లేనివి కొట్టేయండి. ఎ లో 8, 12. బి లో 10, 11, 12. సి లో మొదటి మూడూ, 7. డి లో 2, 5, 6, 7. మిగిలినవి లెక్కపెట్టండి, 39 రావాలి. రాకపోతే వీడియో ఆపి మళ్లీ చూసుకోండి, తొందరేం లేదు.

నిలువుగా చూస్తే నాలుగు గళ్లూ నిండినవి 4, 9, 13 మాత్రమే. ఒకే వరుసకి నాలుగు నకళ్లు వచ్చి, తర్వాత ఒక్కోదాంట్లో వేర్వేరు జన్యువులు రాలిపోయాయన్నమాట.

సరే, ఈ గుంపు ఒక్కటే కాపీ అయి ఉండొచ్చుగా? మంచి డౌటే. అందుకే చుట్టుపక్కల చూడాలి. ఈ నాలుగు క్రోమోజోముల మీదా ఒకదానికొకటి దగ్గరి చుట్టాలైన కొలాజెన్ (చర్మం, ఎముకల్లో ఉండే ప్రోటీన్) జన్యువులు కూడా ఉన్నాయి. 7 మీద మాత్రం హాక్స్ గుంపుకి బాగా దూరంగా ఉంది, అయినా ఉంది. ఇల్లొక్కటే కాదు, వీధి వీధంతా మళ్లీ కట్టినట్టు. వెన్నెముక లేని మన దూరపు బంధువు ఆంఫియాక్సస్‌లో హాక్స్ గుంపు ఒక్కటే. అంటే ఒకటి రెండై, రెండు నాలుగై ఉండాలి, సుమారు 50 కోట్ల ఏళ్ల కిందట. వెన్నెముక జీవుల పుట్టుకలో ఇలాంటి రెట్టింపు జరిగి ఉంటుందని జన్యు శాస్త్రవేత్త సుసుము ఓనో 1970లోనే రాశాడు. అప్పటికి మానవ జీనోమ్ చదవడమన్న మాటే లేదు!

నకళ్లు మిగిలాయి కదా అని ఒకటి పాడైతే ఇంకోటి పూర్తిగా ఆదుకుంటుందనుకోకండి. డి13లో కొన్ని మార్పులొస్తే వేళ్లు అతుక్కుని, అదనపు వేలు కూడా వస్తుంది. ఎ13లో మార్పులైతే చేతులూ కాళ్లతోపాటు మూత్ర, జననాంగాల మీదా ప్రభావం. ఇన్నేళ్లలో ఎవరి పని వాళ్లు పంచుకున్నారు.

హోంవర్క్: జీబ్రా చేపకి ఇదే పట్టిక గీయండి. ఈ చేప వంశంలో మూడోసారి కూడా రెట్టింపైంది కాబట్టి ఎనిమిది వరుసలు రావాలి, వచ్చేవి ఏడే. పోయిన ఆ ఒక్కటి ఏ అక్షరానిదో కామెంట్లో రాయండి.