గోల్ వెనక కూర్చున్న జనం

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. సొంతగడ్డ మీద, సొంత జనం ముందు ఆడటం మన ఫుట్‌బాల్ ఆటగాడికి ఎలా ఉంటుంది? ఈ మాట రాగానే అందరూ చాలా ఏళ్లు భారత కెప్టెన్‌గా ఆడిన సునీల్ ఛెత్రి పేరు ఎత్తుతారు. నేను మాత్రం గోల్‌కీపర్‌తో మొదలుపెడతా. గుర్‌ప్రీత్ సింగ్ సంధు. ఆరున్నర అడుగుల మనిషి, దాక్కుందామన్నా దాక్కోలేడు.

2024 నవంబర్ 18, హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియం. మలేషియాతో ఫ్రెండ్లీ మ్యాచ్. ఆ ఏడాది అప్పటిదాకా భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. జనంలోనూ అసహనం ఉంది, జట్టులోనూ టెన్షన్ ఉంది. 19వ నిమిషంలో మలేషియా వాళ్లు వెనక నుంచి ఒక పొడవాటి బంతి కొట్టారు. అంత ప్రమాదమేమీ లేదు. మన డిఫెండర్లు చూసుకునేవాళ్లేమో. గుర్‌ప్రీత్ ఆగలేదు, బాక్స్ దాటి ముందుకు పరుగెత్తుకొచ్చాడు. బంతి అందలేదు. పావులో జోసుయే ఖాళీ గోల్‌లోకి తీరిగ్గా తోసేశాడు.

ఇప్పుడు ఆ గోల్‌కీపర్ పరిస్థితి ఆలోచించండి. ఫార్వర్డ్ ఒక ఛాన్స్ పోగొట్టుకుంటే పది నిమిషాల్లో ఇంకోటి వస్తుంది, అది గోల్ కొడితే మొదటిది అందరూ మరిచిపోతారు. గోల్‌కీపర్‌కు ఆ వీలు లేదు. నడుచుకుంటూ వెనక్కి పోవాలి, అదే గోల్ ముందు, అదే జనానికి వీపు పెట్టి నిలబడాలి. వాళ్లు ఏమంటున్నారో వినపడుతుంది. తిరిగి చూడకూడదు. సొంత దేశంలో ఇంకో కష్టం కూడా ఉంది. విదేశంలో తిడితే భాష తెలియదు. ఇక్కడ ప్రతి మాటా అర్థమవుతుంది!

39వ నిమిషంలో రాహుల్ భేకే కార్నర్ మీద తలతో గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. 1-1తోనే మ్యాచ్ ముగిసింది. ఆ ఏడాది భారత్‌కు గెలుపే లేకుండా పోయింది.

అదే మనిషి. పదహారు నెలలు వెనక్కి వెళ్దాం. 2023 జులై 4, బెంగళూరు శ్రీ కంఠీరవ స్టేడియం. దక్షిణాసియా దేశాల పోటీ అయిన శాఫ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, ఎదురుగా అతిథి జట్టుగా వచ్చిన కువైట్. గుర్‌ప్రీత్ ఆడేది బెంగళూరు ఎఫ్‌సీకి, కాబట్టి కంఠీరవ నిజంగానే అతని ఇల్లు. స్టేడియం కిక్కిరిసి ఉంది. కువైట్ ముందు గోల్ కొట్టింది, లాలియన్‌జువాలా ఛాంగ్టే సమం చేశాడు. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీ షూటౌట్, అంటే గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా ఒకరి తర్వాత ఒకరు బంతి కొట్టడం. చెరో ఐదు కొట్టాక కూడా 4-4. మన మహేశ్ సింగ్ ఆరోది గోల్‌లో వేశాడు. కువైట్ తరఫున కెప్టెన్ ఖాలిద్ హజియా వచ్చాడు. గుర్‌ప్రీత్ ఎడమవైపు దూకి ఆపేశాడు. అంతే! తర్వాత ఆ జనమంతా కలిసి వందేమాతరం పాడిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు.

మూడు రోజుల ముందు సెమీఫైనల్లో లెబనాన్ మీద కూడా షూటౌటే. అక్కడా మొదటి పెనాల్టీ ఆపింది ఇతనే.

షూటౌట్‌లో ఒక తమాషా ఉంది. పెనాల్టీ కొట్టేవాడు తప్పకుండా గోల్ కొట్టాలని అందరూ అనుకుంటారు. గోల్‌కీపర్ తప్పకుండా ఆపాలని ఎవరూ అనుకోరు. ఆపకపోతే తప్పు కాదు, ఆపితే దేవుడు. మొత్తం ఆటలో గోల్‌కీపర్‌కు సొంత జనం బరువుగా అనిపించని సమయం అదొక్కటే అని నా లెక్క. గచ్చిబౌలిలో 19వ నిమిషం అలాంటిది కాదు. జనం చూస్తుంటే ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది, ముందుకు రావాలనిపిస్తుంది. గుర్‌ప్రీత్ మనసులో ఏముందో అతనికే తెలియాలి, నేను చెప్పేది బయట నుంచి చూసినవాడి మాట.

సొంత జనం ఉంటే జట్టు గెలుస్తుంది అంటారు కదా, అసలు ఆ జనం చేసేదేమిటి? కరోనా కాలంలో యూరప్ లీగులు ఖాళీ స్టేడియాల్లో ఆడాయి. అప్పుడు సొంత మైదానంలో ఆడే జట్లకుండే లాభం తగ్గింది. ముఖ్యంగా బయటి జట్టుకు పసుపు కార్డులు చూపించడం తగ్గింది. అంటే జనం అరుపులు బంతికంటే రిఫరీ చెవిని ఎక్కువగా తాకుతున్నాయన్నమాట. మన దగ్గర ఆ అరుపులు అక్కడిదాకా చేరడమూ కష్టమే. కంఠీరవ, గచ్చిబౌలి, కోల్‌కతా సాల్ట్ లేక్, చెన్నై నెహ్రూ స్టేడియం, అన్నింట్లోనూ గ్యాలరీకీ మైదానానికీ మధ్య రన్నింగ్ ట్రాక్ అడ్డం.

అరవడానికి జనమే లేని రోజులూ ఉన్నాయి. 2018 జూన్, ముంబై. చైనీస్ తైపీ మీద భారత్ 5-0తో గెలిచింది, ఛెత్రి హ్యాట్రిక్. చూడ్డానికి వచ్చినవాళ్లు 2,569 మంది. మరుసటి రోజు ఛెత్రి ఒక వీడియో పెట్టాడు. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి వచ్చి ఆ పని చేయండి అని. దేశం మొత్తం ఆ మాటకు ఆశ్చర్యపోయింది. మన తిరుపతివాళ్లకు అందులో వింతేముంది చెప్పండి? మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వేషం కట్టినవాడు ఎదురొచ్చిన మనిషిని బూతులు తిడతాడు. ఎవరూ కోపం తెచ్చుకోరు, తిట్టడం కూడా మొక్కే. ఇంట్లో కూర్చుని మొబైల్‌లో తిడితే అది మొక్కు కాదు కదా.

తర్వాతి మ్యాచ్ కెన్యాతో. అది ఛెత్రికి నూరో అంతర్జాతీయ మ్యాచ్. టికెట్లు అయిపోయాయి. జోరువానలో కూడా జనం కదల్లేదు. 3-0తో గెలిచాం, అందులో రెండు అతనివే.

మంచిదే. కానీ నాకు ఒక అనుమానం. ఆ జనం జట్టు కోసం వచ్చారా, ఛెత్రి కోసం వచ్చారా? 2024 జూన్ 6న సాల్ట్ లేక్‌లో అతను వీడ్కోలు మ్యాచ్ ఆడినప్పుడు 58 వేల మందికి పైగా వచ్చారు. మళ్లీ కువైటే. 0-0. అందరూ అతని కన్నీళ్లు చూశారు. మన వార్తా ఛానెళ్లు ‘సికింద్రాబాద్‌లో పుట్టినవాడు’ అని గుర్తుచేశాయి. పుట్టడం వరకే లెండి, నాన్న సైన్యంలో ఉండటంతో పెరిగింది ఎక్కడెక్కడో. ఆ హడావుడిలో ఒక విషయం వెనక్కి పోయింది. అది ప్రపంచ కప్ క్వాలిఫయర్, అంటే ప్రపంచ కప్‌లో చోటు కోసం ఆడే మ్యాచ్. మనం గెలవాల్సిన మ్యాచ్. అంతకుముందు మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 2-1తో ఓడినప్పుడు మాత్రం జనం గట్టిగానే ఎగతాళి చేశారు. నాకైతే ఆ గువాహటి జనమే నచ్చారు. వాళ్లు స్కోరు చూసి కోప్పడ్డారు, అంటే ఆట కోసమే వచ్చారు.

అన్నట్టు, ఈ క్వాలిఫయర్లలో భారత్‌కు దొరికిన అసలైన సొంత జనం మన దేశంలో కాదు, కువైట్‌లో! 2023 నవంబర్ 16న కువైట్ సిటీలో మన్వీర్ సింగ్ గోల్‌తో 1-0తో గెలిచాం. అక్కడ పనిచేసుకునే భారతీయులు గ్యాలరీల్లో హోరెత్తించారు. రాయచోటి, పీలేరు, మదనపల్లె వైపు ఏ ఊళ్లో అడిగినా కువైట్‌లో ఉన్న మనిషి ఒకరైనా తగులుతారు. సెలవు దొరకడమే గగనమైన బతుకుల్లో ఒక సాయంత్రం సొంత దేశం జట్టు వాళ్ల ఊరికే వచ్చింది. మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా ఆ మ్యాచ్ చూసి ఉంటే ఆ కబుర్లు రాయండి, నాకు వినాలని ఉంది.

మన జిల్లాల్లో జాతీయ జట్టు ఆడే స్టేడియం లేదు. హైదరాబాద్ రాత్రంతా ప్రయాణం. చిత్తూరు నుంచి బెంగళూరు 180 కిలోమీటర్లు, కుప్పంవాళ్లకైతే ఇంకా దగ్గర. కాబట్టి జట్టు మళ్లీ కంఠీరవకు వస్తే బస్సెక్కండి. గోల్ వెనక స్టాండ్‌లో టికెట్ తీసుకోండి. సగం ఆట అయ్యాక గోల్‌కీపర్లు వైపు మారతారు, అంటే ఒక సగం మనవాడు, ఇంకో సగం అవతలివాడు మీ ముందుంటారు. గంగమ్మ మొక్కు ఏమైనా మిగిలుంటే ఆ అవతలివాడి సగంలో తీర్చుకోండి.