వీలునామా అమలుకు కోర్టు మెట్లెక్కాలా?

అందరికీ నమస్కారం. వీలునామాలో దాన్ని అమలుచేసే ఎగ్జిక్యూటర్‌గా పేరున్న మనిషి కోర్టుకెళ్లి ప్రొబేట్ (వీలునామా అసలుదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తెచ్చుకుంటే తప్ప ఆస్తి పంచలేడా? కడప, కర్నూలు, అనంతపురంలో రాసి, ఇక్కడి ఆస్తికే సంబంధించిన హిందువుల వీలునామాలకు ఆ నిర్బంధం ఏనాడూ లేదు.

మనం పాత మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లం కాబట్టి ప్రొబేట్ తప్పనిసరి అనే మద్రాసు నిబంధన మనకూ వర్తిస్తుందని కొందరంటారు. అది పొరపాటు. 1925 వారసత్వ చట్టంలో 57, 213 సెక్షన్లు చెప్పింది మద్రాసు హైకోర్టు నేరుగా సివిల్ దావాలు వినే హద్దు గురించి, అంటే నగరం వరకే. చెన్నైలో ఇల్లుంటే మాత్రం, అనంతపురంలో రాసిన వీలునామాకైనా ఆ ఇంటి మటుకు ప్రొబేట్ అడిగేవారు. 2025 చివర్లో పార్లమెంటు ఆ 213నే తీసేసింది. ముస్లింలకు అది మొదటినుంచీ లేదు. క్రైస్తవులకు 2002లో పోయింది.

ప్రొబేట్ అక్కర్లేదు సరే, రుజువు మాత్రం తప్పదు. అసలు వీలునామా, మరణ ధృవపత్రం, సర్వే నంబర్లతో ఆస్తుల జాబితా పెట్టుకుని, రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్చే మ్యుటేషన్‌కు దరఖాస్తు చేస్తారు. వారసుల్లో ఒక్కరు అభ్యంతరం చెప్పినా, వీలునామా నిజమా కాదా అన్నది తహశీల్దారు తేల్చే సంగతి కాదు. సివిల్ కోర్టుకు పొమ్మంటారు.

అక్కడ సాక్షి కావాలి. సంతకం చేసిన ఇద్దరిలో ఒక్కరైనా వచ్చి, రాసినాయన తన ఎదుట సంతకం పెట్టాడని, తాను ఆయన ఎదుట పెట్టానని చెప్పాలి. రెండో సాక్షి సంతకం గురించీ ఆయనే చెప్పాలి. అది అడగడం మరిచిపోయి ఓడిన కేసులున్నాయి. రిజిస్టరు చేయించాం కదా అంటే చాలదు, సాక్షి రావాల్సిందే. రిజిస్ట్రారాఫీసు దగ్గర కనబడిన ఎవరినో సాక్షిగా పెట్టించుకుంటే, పదిహేనేళ్ల తర్వాత ఆ మనిషిని ఎక్కడని వెతుకుతారు? ఇద్దరూ పోయుంటే ఒక సాక్షి చేతిరాతను, రాసినాయన సంతకాన్ని గుర్తుపట్టే వాళ్లను తేవాలి. అది కష్టమైన దారి.

కాబట్టి నా సలహా ఇది: సాక్షులు పెద్దవాళ్లై, ఇంట్లో తగాదా వాసన వస్తుంటే, ఎవరూ అడగకపోయినా జిల్లా కోర్టులో ప్రొబేట్ వేయండి. మరణించిన ఏడు రోజులు దాటాలి. పిటిషన్ మీద ఒక సాక్షి ధ్రువీకరణ జతచేయాలి. ఆస్తి విలువను బట్టి కోర్టు ఫీజుంటుంది. వారసులెవరైనా ఎదురుతిరిగితే అది దావాలాగే నడుస్తుంది, ఏళ్లు పట్టొచ్చు.

ఒకటి గుర్తుంచుకోండి. ఈ కోర్టు చూసేది వీలునామా అసలుదేనా అన్నదే. ఆ పొలం ఆయన స్వార్జితమా, పిత్రార్జితమా అన్న గొడవకు వేరే దావా వేసుకోవాలి. ప్రొబేట్ చేతికొచ్చాక ఆరు నెలల్లో ఆస్తుల పట్టీ, ఏడాదిలో జమాఖర్చుల లెక్క కోర్టుకు ఇవ్వాలి. తగిన కారణం లేకుండా ఇవ్వకపోతే ప్రొబేట్‌ను రద్దు చేయమని అడగడానికి అవతలివాళ్లకు అదే ఆధారమవుతుంది.