గీతం మోగాలంటే

మిత్రులారా,

సోషలిస్టు దేశాల్లో ఆటల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క తూర్పు జర్మనీ సంగతే చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రెండుగా చీలిన జర్మనీలో సోషలిస్టు దేశం అది.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆ చిన్న దేశం 40 స్వర్ణాలు గెలిచింది. అమెరికాకు వచ్చినవి 34. మహిళల ఈతలో 13 పోటీలుంటే 11 వాళ్లవే. దేశ జనాభా చూస్తే కోటీ డెబ్భై లక్షల లోపే.

అంత పట్టుదల ఎందుకంటే, వాళ్లను దేశంగా ఒప్పుకునేవాళ్లే తక్కువ. తూర్పు జర్మనీని గుర్తిస్తే మీతో సంబంధాలు తెంచుకుంటామని పశ్చిమ జర్మనీ ఏళ్ల తరబడి అందరినీ హెచ్చరించింది. మన దేశం కూడా 1972 అక్టోబరులో గానీ గుర్తించలేదు. 1964 దాకా ఒలింపిక్స్‌కి రెండు జర్మనీలూ ఒకే జట్టుగా వెళ్లాల్సి వచ్చేది. గెలిస్తే జాతీయగీతానికి బదులు బీథోవెన్ సంగీతం వినిపించేవారు. సొంత జెండా, సొంత గీతం దక్కింది 1972లో. ఆ ఏడాదే మ్యూనిక్‌లో, అంటే పశ్చిమ జర్మనీ గడ్డ మీదే, 20 స్వర్ణాలు గెలిచారు. ఆ స్టేడియాల్లో ఆ గీతం మోగుతుంటే వాళ్లకెలా ఉండి ఉంటుందో ఊహించండి! క్రీడాకారులను ‘ట్రాక్‌సూట్ వేసుకున్న రాయబారులు’ అనేవారంటే ఊరికే కాదు.

ప్రతిభ ఉన్న పిల్లలను బడిలోనే గుర్తించి క్రీడా పాఠశాలలకు పంపేవారు. 1965 నుంచి పిల్లలకు స్పార్టకియాడ్ అనే రకరకాల ఆటల పోటీలు పెట్టారు. డబ్బులేని ఇంటి పిల్లకూ మంచి కోచ్ దొరికాడు. సమానత్వాన్ని నమ్మే మనిషిగా దీన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

కానీ 1969లో ఒక నిర్ణయం జరిగింది. బాస్కెట్‌బాల్, హాకీ, వాటర్‌పోలో లాంటి ఆటలకు పైస్థాయిలో మద్దతు తీసేశారు. జట్టంతా చెమటోడ్చినా వచ్చేది ఒక్క పతకం. ఈతలో అయితే ఒక్క అమ్మాయే నాలుగు స్వర్ణాలు తేగలదు. మాంట్రియల్‌లో కోర్నెలియా ఎండర్ తెచ్చింది కూడా. ప్రజల ఆరోగ్యమే లక్ష్యమైతే బాస్కెట్‌బాల్ ఏం పాపం చేసింది? నాకు బాధ కలిగేది ఇక్కడే. పిల్లల కోసం పుట్టిన ఏర్పాటు పతకాల లెక్కకు లొంగిపోయింది.

ఆ తర్వాతిది మరీ ఘోరం. 1974లో ప్రభుత్వమే 14.25 నంబరుతో రహస్య ప్రణాళిక పెట్టి క్రీడాకారులకు కండబలం పెంచే మగ హార్మోన్ మందులు ఇప్పించింది. అవి నీలం రంగు మాత్రలు. పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు విటమిన్లని చెప్పి మింగించారు. గొంతులు బొంగురుపోయాయి. కొందరికి కాలేయం దెబ్బతింది.

2000లో బెర్లిన్ కోర్టు ఆ దేశ క్రీడల అధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను దోషిగా తేల్చి 22 నెలల శిక్ష వేసింది, కానీ జైలుకు పంపలేదు. ఆ విచారణలో ఒకప్పటి ఈతగత్తెలు ముందుకొచ్చి, తమ ఒంట్లో ఏం జరిగిందో తమ నోటితోనే చెప్పారు.