కథ పక్కన ఒక లెక్క

శ్రోతలకు నమస్కారం.

స్త్రీవాద పుస్తకాల్లో కథల పక్కన లెక్కలూ చరిత్రా కూడా ఎందుకు చదవాలో ఇవాళ మాట్లాడుకుందాం. ముందు ఒక లెక్క చెబుతాను, మన విశాఖ ప్రాంతానిదే. కన్యాశుల్కం నాటకం పుట్టకముందు, విజయనగరం మహారాజా ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళపాటు ఆడపిల్లకు డబ్బు తీసుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా తీయించారు. లెక్కకు దొరికినవి 1,034. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురికీ పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు. ఇదంతా గురజాడ అప్పారావు గారు 1897లో నాటకాన్ని అచ్చువేసినప్పుడు ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఉంది.

కన్యాశుల్కం అనగానే మనందరికీ గిరీశం గుర్తొస్తాడు, మధురవాణి గుర్తొస్తుంది, నవ్వుకుంటాం. ఆ పీఠిక చదివి మళ్ళీ నాటకం తెరిస్తే మాత్రం కళ్ళు బుచ్చమ్మ దగ్గర ఆగిపోతాయి. ముసలివాడికి కట్టబెడితే చిన్నతనంలోనే విధవ అయి పుట్టింటికి చేరిన పిల్ల. ఆమె చెల్లెలు సుబ్బిని కూడా ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మబోతున్నారు. లెక్కలో ఉన్న పిల్లలకు పేర్లు లేవు, బుచ్చమ్మకు పేరు ఉంది, మాట ఉంది, ఏడుపు ఉంది. బుచ్చమ్మ ఒక్కత్తినే చూస్తే అయ్యో పాపం, ఆ తండ్రి అగ్నిహోత్రావధాన్లు మూర్ఖుడు అనుకుని ఊరుకుంటాం. ఆ లెక్క పక్కన పెట్టి చూస్తే ఒక్క తండ్రిని తిట్టి తప్పించుకోవడం కుదరదు, ఊళ్ళకు ఊళ్ళు అదే చేశాయని తెలిసిపోతుంది.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. స్త్రీవాద పుస్తకాలు చదివేవాళ్ళలో ఎక్కువమంది కథలూ నవలలూ చదువుతారు. వ్యాసాలు, చరిత్ర, సర్వేలు, ఆత్మకథలు అనగానే అవన్నీ కాలేజీ వాళ్ళకు కదా అని పక్కన పెట్టేస్తారు. ఇంకొందరు ఉంటారు, సిద్ధాంతం బాగా చదువుతారు, కథలంటే కాలక్షేపం అంటారు. ఇద్దరికీ సగమే అందుతుందని నా నమ్మకం.

పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ చదవని వాళ్ళుంటే ఈ వారమే చదవండి, చిన్న కథ, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోతుంది. పెళ్ళయి వచ్చిన చదువుకున్న అమ్మాయి ఇల్లు అలుకుతూ, ముగ్గులు పెడుతూ, శుభ్రం చేస్తూ ఒకరోజు తన పేరేమిటో మరిచిపోతుంది. అందర్నీ అడుగుతుంది. భర్తకి ఆమె ‘ఏమోయ్’, పిల్లలకి అమ్మ, పనమ్మాయికి అమ్మగారు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ఎదురై శారదా అని పిలిచేదాకా ఆమెకు ఊపిరాడదు. ఇదంతా కథ కదా, ఎవరైనా సొంత పేరు మరిచిపోతారా అంటారు కొందరు. సరే, లెక్క చూద్దాం. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా జనం రోజంతా ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలోనే ఉన్నారు, అంటే దాదాపు ఐదు గంటలు. చేసే మగవాళ్ళకి 97 నిమిషాలు. అసలు ఆ పనుల్లో చెయ్యిపెట్టే మగవాళ్ళే నూటికి 26 మంది. ఈ ఐదు గంటలకి తోడు ఆఫీసు డ్యూటీ, గాజువాక నుంచో కొమ్మాది నుంచో బస్సులో రానూపోనూ ప్రయాణం కలిపి చూడండి, శారద తన పేరు ఎక్కడ పోగొట్టుకుందో అర్థమవుతుంది.

ఆ కథలోనే ఇంకొకటి ఉంది, అది నన్ను చాలాకాలం వదల్లేదు. అమ్మగార్ల పేర్లతో మాకేం పని అన్నట్టు మాట్లాడుతుంది ఆ పనమ్మాయి. మరి ఆమె పేరు ఎవరు అడిగారు? ఇల్లు అలికి అలిసిపోయిన ఆమె బాధ వేరు, నాలుగిళ్ళు తుడిచి తన ఇంటికి వెళ్ళి మళ్ళీ పొయ్యి రాజేసే ఆమె బాధ వేరు. మనం మాట్లాడుకునే స్త్రీవాదంలో రెండో ఆమె ఎక్కడుందని దళిత రచయిత్రులు గట్టిగానే అడిగారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ తెలుగు దళిత స్త్రీల రచనలు ఎన్నిటినో ఒక దగ్గరికి తెచ్చింది. చదువుతుంటే కొన్నిచోట్ల కష్టంగా ఉంటుంది, మన ఇళ్ళలో పనమ్మాయికి విడిగా పెట్టిన గ్లాసు గుర్తొస్తుంది. అయినా చదవాలి. నన్నడిగితే పెద్ద పేరున్న నవలలకన్నా ముందే చదవాలి.

మేం కొంతమంది ఆడవాళ్ళం, రిటైరైన వాళ్ళం, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళం, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, ఎంవీపీ కాలనీలో ఒకరింట్లో కలిసి పుస్తకాలు చదువుకుంటాం. ఓల్గా గారి ‘స్వేచ్ఛ’ చదివినప్పుడు జరిగినంత గొడవ మరి దేనికీ జరగలేదు. 1987లో వచ్చిన నవల అది. అరుణ ప్రేమించి పెళ్ళి చేసుకుంటుంది, పుట్టింట్లో దొరకని స్వేచ్ఛ ఇక్కడ దొరుకుతుందనుకుంటుంది, దొరకదు. మాలో ఒక పెద్దావిడ, ఏం పిన్నిగారూ మీరేమంటారు అంటే, “అతను కొట్టాడా, తాగాడా, మంచివాడే కదమ్మా, సర్దుకుంటే పోయేది” అన్నారు. వెంటనే కాలేజీ అమ్మాయి, “మంచివాడైతే ఆవిడెందుకు సర్దుకోవాలి పిన్నీ, ఆయన సర్దుకోవచ్చు కదా” అంది. ఆ రోజు టీ చల్లారిపోయింది, ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరూ లేచి వెళ్ళిపోలేదు కూడా. నవల చేసే మేలు ఇదేననుకుంటాను. సొంత కాపురం గురించి నోరు విప్పలేని మనిషి అరుణ కాపురం గురించి గంటసేపు మాట్లాడుతుంది, మాట్లాడేదంతా తన గురించే.

ఆ తర్వాత మేం ‘మనకు తెలియని మన చరిత్ర’ పట్టుకున్నాం. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెచ్చిన పుస్తకం, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళను కలిసి వాళ్ళ మాటల్లోనే రాసుకొచ్చారు. భూమి కోసం దొరకు ఎదురు తిరిగిన చాకలి ఐలమ్మ, తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం, అడవిలో ఉండగా పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ. పోరాటం ఆగిపోయాక చాలామందిని ఇక మీ ఇళ్ళకు మీరు వెళ్ళండన్నారు. అన్నేళ్ళు దళాల్లో తిరిగిన మనిషి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళడం ఎలా ఉంటుందో ఏ చరిత్ర పాఠంలోనూ మేం చదవలేదు. సర్దుకుంటే పోయేది అన్న మా పిన్నిగారే ఈ పుస్తకాన్ని రెండోసారి అడిగి ఇంటికి పట్టుకెళ్ళారు.

కథా, చరిత్రా రెండూ ఒక్క చేత్తో రాసిన మనిషి మనకు నూరేళ్ళ కిందటే ఉంది. భండారు అచ్చమాంబ. బడికి వెళ్ళలేదు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని స్త్రీల జీవిత చరిత్రల పుస్తకం వేసింది, ఆడవాళ్ళు చదివితే చెడిపోతారనే వాళ్ళకు పేర్లతో సహా జవాబు చెప్పింది. 1902లో ‘ధనత్రయోదశి’, ‘స్త్రీ విద్య’ లాంటి కథలు రాసింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. అయినా తొలి తెలుగు కథ ఏది అంటే దశాబ్దాలపాటు మనం దిద్దుబాటే అని చెప్పుకున్నాం, పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. గురజాడ మీద నాకున్న గౌరవం ఇసుమంత తగ్గదు గానీ, అచ్చమాంబ పేరు అన్నేళ్ళు ఎవరికీ తట్టలేదంటే బాధగా ఉంటుంది. ఆమె 1905లో చిన్న వయసులోనే చనిపోయింది.

మగవాళ్ళు వింటుంటే వాళ్ళకీ ఒక మాట. బాబూ, ఇవి ఆడవాళ్ళ పుస్తకాలని పక్కన పెట్టకండి. అగ్నిహోత్రావధాన్లు గురించి మగాయన రాయగలిగాడు, మీరు చదవలేరా. ‘ఇల్లలకగానే’ మీ ఆవిడకు పైకి చదివి వినిపించండి. ఆమె ఏమంటుందో వినండి, మధ్యలో అడ్డం పడకండి.

ఎక్కడ దొరుకుతాయంటారా. ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులకు వాళ్ళ గ్రంథాలయం ఉండనే ఉంది. లైబ్రరీ కార్డు ఇంట్లో ఒక్కటే, అదీ ఆయన పేరు మీద ఉంటే, మీ పేరుతో ఇంకొకటి తీసుకోండి. అడిగిన పుస్తకం అక్కడ లేకపోతే తెప్పించమని కాగితం మీద రాసి ఇవ్వండి, ఒక్కరు కాదు, మీ స్నేహితురాళ్ళు నలుగురూ వేరువేరుగా రాసి ఇవ్వండి. నలుగురు అడిగిన పుస్తకాన్ని తెప్పించకుండా ఉండటం కష్టం.

సెలవు, నమస్కారం.