ఏసీ మెకానిక్ శిక్షణ: పెట్టేదెంత, తిరిగి వచ్చేదెంత?

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. ఏసీ, ఫ్రిజ్ మరమ్మతు శిక్షణకు అయ్యే ఖర్చు, దాని వల్ల పెరిగే సంపాదన గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఈ పనిలో చాలాకాలంగా శిక్షణ ఇస్తున్న నిపుణులు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ దేవరకొండ నుంచి వచ్చింది. అడగండి అన్నా.

శ్రోత (దేవరకొండ): నమస్తే మేడం, నమస్తే సార్. మా చిన్నోడికి పద్దెనిమిదేళ్లు నిండాయి. పదో తరగతి పాసయ్యాడు గానీ ఇంటర్ మధ్యలో మానేశాడు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ వాళ్లు ఆరు నెలల ఏసీ కోర్సుకు 65 వేలు ఫీజు చెప్పారు. హాస్టల్‌కు నెలకు ఆరు వేలు వేరే. పత్తి మీద వచ్చిన పైసలు పాత బాకీలకే పోయాయి కాబట్టి, ఇప్పుడు రెండు రూపాయల మిత్తికి తేవాలి. తెచ్చి చేర్పించమంటారా?

నిపుణుడు: మిత్తికి తెచ్చి మాత్రం చేర్పించవద్దు. ఎందుకంటున్నానో లెక్క వేసి చూద్దాం. ఫీజు, హాస్టల్ కలిపితే లక్షా వెయ్యి రూపాయలు అవుతుంది. నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు రెండు వేలకు పైగా మిత్తి పడుతుంది, అది అబ్బాయి సంపాదన మొదలు కాకముందే, చేర్పించిన నెల నుంచే నడుస్తుంది. హెల్పర్‌గా పది వేలు వచ్చేవాడికి కోర్సు తర్వాత పద్నాలుగు వేలు వస్తాయని అనుకుందాం. అంటే కోర్సు వల్ల పెరిగింది నెలకు నాలుగు వేలే, అందులో మొదట్లో సగం మిత్తికే పోతుంది. ఆ నాలుగు వేలూ ఒక్క నెల తప్పకుండా కట్టినా అప్పు తీరడానికి మూడేళ్లు దాటుతుంది. ఇళ్లలో ఏసీల పని మార్చి నుంచి జూన్ దాకా ఊపిరి సలపనివ్వదు గానీ, వానలు పడ్డాక పడిపోతుంది. ఆ నెలల్లో కిస్తీ ఎలా కడతారో ఫీజు చెప్పినవారు మీకు చెప్పి ఉండరు.

శ్రోత: మరి ఈ కోర్సు కాదని ఐటీఐలో, అంటే పారిశ్రామిక శిక్షణ సంస్థలో చేర్పిస్తే రెండేళ్లు ఊరికే పోతాయి కదా సార్?

నిపుణుడు: మంచి ప్రశ్న అడిగారు, ఎందుకంటే ఫీజు తక్కువగా ఉన్నంత మాత్రాన ఐటీఐ చదువుకు ఖర్చు లేదనుకోవడం కూడా పొరపాటే. పది వేల జీతం ఇరవై నాలుగు నెలలు వదులుకుంటే అది 2 లక్షల 40 వేలు. కాగితం మీద చూస్తే ఆరు నెలల కోర్సే చవక. అయితే మీవాడు వదులుకునేది చేతికి రాని జీతం, దానికి మిత్తి పెరగదు. మీరు తెచ్చే అప్పుకు పెరుగుతుంది. పైగా ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ ట్రేడు పూర్తి చేస్తే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. ఆ తర్వాత కంపెనీలో పని నేర్చుకునే అప్రెంటిస్‌గా చేరితే నెలనెలా స్టైపెండ్, అంటే భత్యం వస్తుంది. కేంద్ర అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం కింద ఆ స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వమే భరిస్తుంది కాబట్టి కంపెనీలకూ భారం కొంత తగ్గుతుంది. మీ అప్పు తీరేందుకు పట్టే కాలంలోనే వాడు చదువు, అప్రెంటిస్‌షిప్ రెండూ ముగించుకుంటాడు. పదో తరగతిలో లెక్కలు, సైన్సు చదివి పాసై ఉంటే ఈ ట్రేడుకు అర్హత సరిపోతుంది.

నిర్వాహకురాలు: రెండేళ్లు ఆగలేని కుటుంబాలకు ఫీజు లేని దారి ఏదైనా ఉందా?

నిపుణుడు: ఉంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో పాటు శిక్షణ ఉచితంగా ఇస్తారు. ఏసీ, ఫ్రిజ్ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో మాత్రం ముందే వెళ్లి అడగాలి. అవి వారాల్లో ముగిసే కోర్సులు కాబట్టి పని పరిచయం అవుతుంది, చేయి తిరగడానికి ఇంకా కాలం పడుతుంది. ఎక్కడ చేర్పించినా, డబ్బు కట్టే ముందు వర్క్‌షాప్‌లోకి వెళ్లి ఒక గంట నిలబడండి. రాగి పైపును ఫ్లేర్ చేయడం అంటే దాని చివరను గరాటులా వెడల్పు చేయడం, అతుకు వేయడం, నైట్రోజన్ నింపి లీకు చూడడం ప్రతి అబ్బాయీ సొంత చేత్తో చేస్తున్నాడా, లేక శిక్షకుడు చేస్తుంటే ఇరవై మంది చుట్టూ నిలబడి చూస్తున్నారా అన్నది అక్కడే తెలిసిపోతుంది. గోడ మీద ‘నూటికి నూరు శాతం ఉద్యోగం’ అని రాసిన చోట నేనైతే ఇంకో గంట ఎక్కువ నిలబడతాను.

నిర్వాహకురాలు: జడ్చర్ల నుంచి మరో శ్రోత ఉన్నారు.

శ్రోత (జడ్చర్ల): సార్, నేను నాలుగేళ్లుగా ఒక మెకానిక్ దగ్గర పనిచేస్తున్నాను. సర్టిఫికెట్ లేదు. నాకు కూడా కోర్సు అవసరమా?

నిపుణుడు: అది మీరు ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మీ పక్కనే ఉన్న పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) వంటి చోట మందుల కంపెనీల్లో గాలి వేడినీ, తేమనూ, ధూళినీ అదుపులో ఉంచే యంత్రాలు కాలంతో పని లేకుండా ఏడాది పొడవునా నడుస్తాయి కాబట్టి, అక్కడి జీతం వానాకాలంలో ఆగదు. కానీ అలాంటి కంపెనీలు సాధారణంగా ఐటీఐ సర్టిఫికెట్ చూస్తాయి. సొంతంగా పని చేసుకోవాలంటే మీరు మొదటి నుంచి మొదలుపెట్టనవసరం లేదు. అనుభవంతో నేర్చుకున్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకాల్లో ఉంది, దానికి ప్రయత్నించండి. కోర్సుకు పెట్టాలనుకున్న డబ్బు పనిముట్ల మీద పెట్టండి. ముద్రా రుణంలో శిశు విభాగం కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా బ్యాంకులో అడగవచ్చు.

శ్రోత: పనిముట్లంటే, పైపులోని గాలిని లాగేసే వ్యాక్యూమ్ పంపు తప్పకుండా కొనాలా సార్? మా మేస్త్రీ కొంచెం గ్యాస్ వదిలి పైపులో గాలి బయటికి పంపేస్తాడు, అంతే.

నిపుణుడు: మొదట కొనవలసింది అదే. అలా గ్యాస్‌తో తోసినప్పుడు పైపులోని తేమ పూర్తిగా పోదు. లోపల మిగిలిన తేమ నూనెను పాడుచేసి, చివరికి కంప్రెసర్‌ను దెబ్బతీస్తుంది. పైగా ఏసీల్లో చల్లదనం కోసం నింపే గ్యాసులూ మారుతున్నాయి. పాత ఆర్-22 గ్యాస్‌ను, ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం 2030 నాటికి దాదాపుగా మానుకోవాలి. ఇప్పుడు కొత్త ఏసీల్లో ఎక్కువగా కనిపించే ఆర్-32 కొద్దిగా అంటుకునే గుణం ఉన్న గ్యాస్, ఆర్-290 అయితే ప్రొపేనే. మూసిన గదిలో అలాంటి గ్యాస్ వదిలి పక్కనే పైపులు అతికే మంట టార్చ్ వెలిగిస్తే ఏమవుతుందో మీ మేస్త్రీకి కూడా చెప్పండి. కోర్సులో చేరేటట్లయితే, ఈ రెండు గ్యాసులతో పని చేయించి నేర్పుతారా అని అడిగిన తర్వాతనే ఫీజు కట్టండి.